లైనక్స్‌లో రెండో మానిటర్ రాకపోతే: రెండు గ్రాఫిక్స్ కార్డుల లొల్లి తెంపుకునే పద్ధతి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొత్త కంప్యూటర్ కొనే బదులు ఉన్నదాని మీదే లైనక్స్ మింటో ఉబుంటువో ఎక్కించుకున్నవాళ్లు మన నల్గొండ, పాలమూరు వైపు డీటీపీ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో బాగానే కనిపిస్తున్నారు. ఒక్క మానిటర్ ఉన్నంతకాలం పని సాఫీగా నడుస్తుంది. ఒక తెర మీద పెళ్లి ఆల్బమ్ పేజీ, పక్క తెర మీద ఫొటోల ఫోల్డర్ పెట్టుకుందామని రెండో మానిటర్ తగిలిస్తారు చూడండి, అప్పుడు మొదలవుతుంది లొల్లి. నో సిగ్నల్ అని రావొచ్చు, 1024 బై 768 దగ్గరే ఆగిపోవచ్చు, లేదంటే లాగిన్ దాకా వచ్చి తెర నల్లబడొచ్చు.

దీనికి అందరూ చెప్పే కారణం “రెండు గ్రాఫిక్స్ కార్డులు కొట్టుకుంటున్నాయి” అని. కార్డులు కొట్టుకోవు. ఒక మానిటర్ కేబుల్ ఒక కార్డుకు, రెండోది ఇంకో కార్డుకు ఉంటుంది, అందులో ఒక కార్డును బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఆపేసి ఉంటుంది, లేదా దానికి సరైన డ్రైవర్, అంటే కార్డును నడిపే ప్రోగ్రామ్, పట్టి ఉండదు. ఎక్కువసార్లు కథ ఇదే. అందుకని డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకముందు మూడు సంగతులు తేల్చుకోండి: కంప్యూటర్లో ఎన్ని కార్డులున్నాయి, ఒక్కోదాన్ని ఏ డ్రైవర్ నడుపుతోంది, ఏ మానిటర్ ఏ కార్డుకు తగిలించి ఉంది. ఈ మూడూ తెలియకుండా చేసే రిపేరు చీకట్లో సూదికి దారం ఎక్కించడమే.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కమాండ్లు కొట్టే కిటికీ టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. హైఫన్ అంటే చిన్న అడ్డగీత. పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తాను.

ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లండి

దేవరకొండ నుంచి ఒక స్టూడియో తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించిన, అయినా రెండోది వస్తలేదు” అన్నాడు. “తమ్మీ, డ్రైవర్ సంగతి తర్వాత, ముందు వెనక వైర్లు ఫొటో తీసి పంపు” అన్నాను. ఫొటోలో ఒక కేబుల్ మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి, ఇంకోటి కింద కార్డు హెచ్‌డీఎంఐకి ఉంది. ఇక వేరే ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

వెనక యూఎస్‌బీ, ల్యాన్, ఆడియో రంధ్రాల పక్కనే ఉన్న వీజీఏ, హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డువి. అంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌వి. వాటి కింద, విడిగా అడ్డంగా బిగించిన పట్టీ మీద ఉన్నవి కార్డువి. డెస్క్‌టాప్‌లో కార్డు బిగించగానే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. అప్పుడు మదర్‌బోర్డు పోర్టుకు పెట్టిన మానిటర్ లైనక్స్‌లో ఎన్ని తిప్పలు పడ్డా రాదు, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ ఉన్నట్టే లైనక్స్‌కు తెలియదు.

సులువైన మందు ఏమిటంటే రెండు కేబుళ్లూ కార్డుకే పెట్టేయండి. జీటీ 710 లాంటి చిన్న కార్డుకు కూడా సాధారణంగా వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ మూడూ ఉంటాయి, రెండు మానిటర్లు హాయిగా నడుపుతుంది. ఒక్క డ్రైవర్, ఒక్క కార్డు, తలనొప్పి లేదు. నన్నడిగితే డెస్క్‌టాప్‌లో ఇంతకు మించి ఆలోచించే పనే లేదు, మూడు నాలుగు మానిటర్లు కావాలంటే తప్ప.

అయినా రెండు వైపులా పెట్టుకోవాల్సిందే అంటే బయోస్‌లోకి వెళ్లాలి. కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ బటన్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉండండి. ఏసస్ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ కింద సిస్టమ్ ఏజెంట్ కాన్ఫిగరేషన్, దాని లోపల గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్‌లో “ఐజీపీయూ మల్టీ మానిటర్” అని ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయాలి. గిగాబైట్ బోర్డుల్లో “ఇంటర్నల్ గ్రాఫిక్స్” అని ఉంటుంది, ఆటోలో ఉంటే ఎనేబుల్డ్‌కు మార్చాలి. మిగతా కంపెనీల్లో పేరు కొంచెం అటూఇటూగా ఉన్నా అర్థమవుతుంది. దాని దగ్గరలోనే “ప్రైమరీ డిస్‌ప్లే” అనో “ఇనీషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్” అనో ఇంకోటి కనిపిస్తుంది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదటి బొమ్మ ఏ కార్డు నుంచి రావాలో చెప్పేది అది. పీఈజీ లేదా పీసీఐఈ అంటే విడి కార్డు, ఐజీఎఫ్ఎక్స్ అంటే లోపలిది.

ఇంకో మాట. ప్రాసెసర్‌లో అసలు గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కి ఉండదు, 5600జీకి ఉంటుంది. అలాంటి ప్రాసెసర్ ఉన్నా మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం దర్జాగా కనిపిస్తుంది. అందులో ఏం పెట్టినా దండగే.

కేబుల్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

డ్రైవర్ మీద పడే నిందల్లో సగం నిజానికి కన్వర్టర్లవి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చౌక కేబుల్ ఒక్క వైపే పనిచేస్తుంది: కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. తిప్పి పెడితే రాదు. డీవీఐలో మనకు ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. డీవీఐ-డీ అంటే డిజిటల్ మాత్రమే, దానికి మామూలు వీజీఏ కొన తగిలించి లాభం లేదు, ఈ రెండింట్లో అనలాగ్ సిగ్నల్ వచ్చేది డీవీఐ-ఐలోనే. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్లాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ల్యాప్‌టాప్ టైప్-సీ రంధ్రాలన్నీ మానిటర్‌ను నడపవు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉన్నవే నడుపుతాయి. యూఎస్‌బీ డాక్‌లలో డిస్‌ప్లేలింక్ రకమైతే దానికి ఈవీడీఐ అనే డ్రైవర్ విడిగా ఎక్కించాలి, కార్డు డ్రైవర్‌తో దానికి సంబంధం లేదు.

పాత వీజీఏ కేబుళ్లలో ఇంకో తిరకాసు ఉంది. మానిటర్ తన సైజు, తను చూపించగల రిజల్యూషన్లు కంప్యూటర్‌కు చెప్పుకునే సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. కేబుల్‌లో కొన్ని పిన్నులు విరిగినా, అసలే లేకపోయినా ఆ మాట కంప్యూటర్‌కు చేరదు. అప్పుడే 1024 బై 768 దగ్గర ఆగిపోతుంది. డ్రైవర్ మార్చకముందు కేబుల్ మార్చి చూడండి, రెండు మానిటర్ల కేబుళ్లు అటూఇటూ మార్చినా చాలు, రోగం కేబుల్ వెంట పోతుందా మానిటర్ దగ్గరే ఉంటుందా తెలిసిపోతుంది.

ఇప్పుడు టెర్మినల్

మొదటి కమాండ్ “ఎల్ఎస్‌పీసీఐ”, ఖాళీ, “హైఫన్ కె”. పెద్ద చిట్టా వస్తుంది, అందులో వీజీఏ లేదా 3డీ అన్న మాటలున్న వరుసలు పట్టుకోండి. ప్రతి కార్డు కింద “కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్” అని ఒక వరుస ఉంటుంది. అసలు విషయం అక్కడుంది. ఇంటెల్‌కు ఐ915 అని గానీ బాగా కొత్త చిప్‌లకు ఎక్స్ఈ అని గానీ ఉండాలి. ఏఎండీకి ఏఎండీజీపీయూ, బాగా పాత కార్డైతే రేడియాన్. ఎన్‌విడియాకు లైనక్స్‌తోనే వచ్చే నూవో గానీ కంపెనీ సొంత డ్రైవర్ ఎన్‌విడియా గానీ. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ ఎప్పుడూ 00:02.0 అన్న అడ్రస్ దగ్గర కనిపిస్తుంది, విడి కార్డు చాలావరకు 01:00.0 దగ్గర ఉంటుంది.

ఒక కార్డు ఆ చిట్టాలోనే లేకపోతే అది డ్రైవర్ సమస్య కాదు, బయోస్ సంగతో కార్డు సంగతో చూడాలి. కార్డు ఉంది గానీ కింద డ్రైవర్ వరుస లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు. రెండూ సరిగ్గా ఉంటే సమస్య కేబుల్ దగ్గరో సెట్టింగ్ దగ్గరో ఉంది.

ఏ మానిటర్ ఏ కార్డుకు ఉందో చూడాలంటే “ఎల్ఎస్”, ఖాళీ, “స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ డీఆర్ఎం” కొట్టండి. కార్డ్0, కార్డ్1 పేర్లతో మొదలై ఒక్కో పోర్టుకు ఒక్కో ఫోల్డర్ కనిపిస్తుంది. ప్రతి ఫోల్డర్‌లో స్టేటస్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని క్యాట్ కమాండ్‌తో తెరిస్తే (ఫోల్డర్ పేరులో పెద్దక్షరాలుంటే అలాగే కొట్టాలి) కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో చెప్తుంది. మానిటర్ పెట్టి ఉన్నా డిస్‌కనెక్టెడ్ అంటోందంటే కార్డుకు ఆ మానిటర్ అందలేదన్నట్టు, డెస్క్‌టాప్ సెట్టింగుల్లో వెతికి లాభం లేదు. కనెక్టెడ్ అని ఉండి బొమ్మ రాకపోతే మాత్రం డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ మానిటర్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, లేదా విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కుతూ మిర్రర్, జాయిన్ అంటూ మారుతుందేమో చూడండి.

నోమోడ్‌సెట్ అనే దొంగ

ఇది విడిగా చెప్పాలి. ఎన్‌విడియా కార్డున్న కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించేటప్పుడు తెర నల్లబడితే, లైనక్స్‌ను బూట్ చేసే గ్రబ్‌లో “నోమోడ్‌సెట్” అని రాస్తే వస్తుందని ఎవరో చెప్తారు. నిజమే, వస్తుంది. పని అయ్యాక దాన్ని తీసేయడం మాత్రం ఎవరూ చెప్పరు. అది ఉన్నంతసేపు లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్లను తమ పని తాము చేయనివ్వదు, బయోస్ ఇచ్చిన ఒక్క తెరతోనే సరిపెడుతుంది. రెండో మానిటర్ రాదు, రిజల్యూషన్ మారదు, వీడియో నత్తలా నడుస్తుంది.

“క్యాట్”, ఖాళీ, “స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్” కొట్టి చూడండి. అందులో నోమోడ్‌సెట్ కనిపిస్తే ఈటీసీ ఫోల్డర్ లోపల డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌ను సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) తెరిచి, గ్రబ్ సీఎండీలైన్ లైనక్స్ డీఫాల్ట్ అన్న వరుసలోంచి ఆ మాట తీసేసి, సేవ్ చేసి, “సుడో అప్‌డేట్-గ్రబ్” కొట్టి రీస్టార్ట్ చేయండి. తీసేశాక మళ్లీ తెర నల్లబడితే భయపడకండి, డ్రైవర్ ఇంకా సరిగ్గా పట్టలేదని దానర్థం, కింది భాగం దాని గురించే.

ఎన్‌విడియా దగ్గర ఆగి ఆలోచించాలి

ఇంటెల్, ఏఎండీల డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి, వాటికి మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. కష్టమంతా ఎన్‌విడియాతోనే. 2012లో ఫిన్లండ్‌లో ఒక సభలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాను అందరి ముందే తిట్టింది కూడా ల్యాప్‌టాప్‌లలో రెండు కార్డుల వ్యవహారం మీద వచ్చిన ప్రశ్నకే. అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, 2022 మే నెలలో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ భాగాల) కోడ్ బయటపెట్టింది, కాని అవి ట్యూరింగ్ తరం నుంచి, అంటే జీటీఎక్స్ 1650 లాంటి కార్డుల నుంచి పైవాటికే పనికొస్తాయి. మన షాపుల్లో ఉన్న పాత కార్డులకు దానితో ఒరిగేదేమీ లేదు.

కార్డు తరాన్ని బట్టి డ్రైవర్ నంబర్ మారుతుంది. జీటీఎక్స్ 16 వరుస, ఆర్‌టీఎక్స్ కార్డులకు ఇప్పటి కొత్త డ్రైవర్లు నడుస్తాయి, ఆర్‌టీఎక్స్ 50 వరుసకైతే ఓపెన్ మాడ్యూల్స్ రకమే కావాలి. జీటీఎక్స్ 750 టీఐ, 1050 టీఐ, 1060 లాంటి మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు 580 ఆఖరి వరుస. జీటీ 710 లాంటి కెప్లర్ కార్డులకు 470 దగ్గరే ఆగిపోయింది. ఫెర్మీ కార్డులకు 390.

జీటీ 730 ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఒకే పేరుతో రెండు వేరే చిప్‌లు అమ్మారు. 128 బిట్ మెమరీ ఉన్నది ఫెర్మీ, దానికి 390 కావాలి. 64 బిట్‌ది కెప్లర్, దానికి 470. డబ్బా మీద చూస్తే తేడా తెలియదు, ఎల్ఎస్‌పీసీఐలో జీఎఫ్108 అని ఉంటే ఫెర్మీ, జీకే208 అని ఉంటే కెప్లర్. పక్క షాపాయన 730కి పనిచేసిన డ్రైవర్ మీ 730కి పనిచేయకపోవడానికి కారణం ఇదే కావొచ్చు.

తప్పు నంబర్ ఎక్కిస్తే ఏమవుతుంది? ఎక్కినట్టే ఉంటుంది, నూవోను పక్కకు నెట్టేస్తుంది, తీరా రీస్టార్ట్ అయ్యాక తనూ నడవదు. రెండు డ్రైవర్లూ లేని స్థితి అన్నమాట. “సుడో”, ఖాళీ, “డీఎంఈఎస్‌జీ” కొట్టి పెద్దక్షరాల్లో ఎన్‌వీఆర్ఎం అన్న మాట కోసం వెతకండి. ఈ కార్డుకు 470 లెగసీ డ్రైవర్ కావాలి అని అదే నోరు తెరిచి చెప్తుంది. ఏపీఐ మిస్‌మ్యాచ్ అని ఉంటే మాత్రం డ్రైవర్ అప్‌డేట్ అయింది గానీ పాత మాడ్యూలే ఇంకా నడుస్తోందని, ఒక్క రీస్టార్ట్ చాలు.

డ్రైవర్‌ను ఎన్‌విడియా సైట్ నుంచి రన్ ఫైల్‌గా దించి ఎక్కించొద్దు. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ లేదా “ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్” అన్న కమాండ్ మీ కార్డుకు తగినవేవో చూపిస్తాయి, అందులోంచే తీసుకోండి. ఫెడోరాలోనైతే ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి. రన్ ఫైల్‌తో ఎక్కించింది ఒకటి, డ్రైవర్ మేనేజర్ ద్వారా, అంటే ఆప్ట్‌తో ఎక్కించింది ఇంకోటి కలిస్తే దాన్ని విడదీయడం కంటే కొత్తగా లైనక్స్ ఎక్కించడం సులువు అనిపించే పరిస్థితి వస్తుంది.

సరైన నంబరే ఎక్కించినా నడవకపోతే రెండు చోట్ల చూడాలి. ఒకటి సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్ అయ్యాక నీలం రంగు తెర వచ్చి ఎన్‌రోల్ ఎంఓకే (సంతకం తాళంచెవిని నమోదు చేయడం) అని చూపిస్తుంది. చాలామంది అదేదో వైరస్ అనుకుని కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, కొన్ని సెకన్లు ఆగితే అదే వెళ్లిపోతుంది కూడా. ఎన్‌రోల్ చేసి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది దాటిపోయి ఉంటే “సుడో”తో “ఎంఓకేయుటిల్” కమాండ్‌కు ఇంపోర్ట్ చెప్పి మళ్లీ రప్పించొచ్చు, షాపు కంప్యూటర్ అయితే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం తక్కువ పని. పక్కన విండోస్ కూడా ఉండి, డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోకుండా ఆ పని చేయకండి.

రెండోది కెర్నల్ హెడర్లు, అంటే ఆ కెర్నల్‌కు మాడ్యూల్ తయారుచేయడానికి కావాల్సిన ఫైళ్లు. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనేది ఎన్‌విడియా మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేస్తుంది, హెడర్లు లేకపోతే తయారుచేయలేదు. నిన్న నడిచింది ఇవాళ నడవట్లేదంటే ముందు అనుమానం దీని మీదే పెట్టుకోండి. “డీకేఎంఎస్ స్టేటస్” కొడితే ఏ కెర్నల్‌కు తయారైందో కనిపిస్తుంది. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేస్తే పని ఆగదు, తీరిగ్గా హెడర్లు ఎక్కించుకోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా ఇలాగే సగంలో ఆగిపోతుంది. అప్పుడు “సుడో డీపీకేజీ”, ఖాళీ, రెండు హైఫన్లు కలిపి “కాన్ఫిగర్”, ఖాళీ, “హైఫన్ ఏ” కొడితే ఆగిన పని పూర్తవుతుంది. ఎండాకాలం సాయంత్రాలు యూపీఎస్ లేకుండా కెర్నల్ అప్‌డేట్ పెట్టకపోవడం మేలు.

ఇంత చదివాక ఒక మాట చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. జీటీ 710, 730 లాంటి కార్డుతో డీటీపీ, బ్రౌజర్, ఆఫీస్ పనులే చేసేటట్టయితే ఎన్‌విడియా డ్రైవర్ జోలికి పోకండి. కెర్నల్‌తో వచ్చే నూవో రెండు మానిటర్లను చక్కగా చూపిస్తుంది, అప్‌డేట్ అయినప్పుడల్లా విరగదు. 470కి ఎన్‌విడియా 2024తోనే మరమ్మతులు ఆపేసింది, ఇక ముందు వచ్చే ప్రతి కెర్నల్‌తో దానికి గండమే. గేములు, వీడియో ఎడిటింగ్, బ్లెండర్ లాంటివి ఉంటే అప్పుడు డ్రైవర్ కావాలి, కాని వాటికి ఆ కార్డే చాలదు.

పాత ఎక్స్‌ఆర్గ్ ఫైల్

పాతకాలం సలహాల్లో ఎన్‌విడియా-ఎక్స్‌కాన్ఫిగ్ అన్న కమాండ్ తరచూ కనిపిస్తుంది. అది ఈటీసీలో ఎక్స్11 ఫోల్డర్‌లో (ఇక్కడ ఎక్స్ పెద్దక్షరం) ఎక్స్‌ఆర్గ్ డాట్ కాన్ఫ్ అనే తెర సెట్టింగుల ఫైల్ రాసిపెడుతుంది. తర్వాత మీరు కార్డు మార్చినా, డ్రైవర్ తీసేసినా ఆ ఫైల్ అక్కడే కూర్చుని లేని కార్డును వెతుకుతూ తెర నల్లగా ఉంచుతుంది. ఈ రోజుల్లో రెండు మానిటర్లకు ఆ ఫైల్ అక్కర్లేదు. చెరిపేయకండి, ఎంవీ కమాండ్‌తో పేరు చివర డాట్ ఓల్డ్ అని తగిలించి రీస్టార్ట్ చేసి చూడండి.

నిజంగానే అవసరమై మీరే రాస్తుంటే బస్ ఐడీ దగ్గర ఒక మెలిక ఉంది. ఎల్ఎస్‌పీసీఐ అడ్రస్‌ను హెక్సాలో చూపిస్తుంది, ఎక్స్‌ఆర్గ్‌కు మామూలు అంకెల్లో కావాలి. 01:00.0 అయితే పీసీఐ:1:0:0, 0ఏ:00.0 అయితే పీసీఐ:10:0:0.

ల్యాప్‌టాప్ అయితే కథ వేరు

ల్యాప్‌టాప్‌లో లోపలి తెర సాధారణంగా ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్‌కు ఉంటుంది, బయటి హెచ్‌డీఎంఐ రంధ్రాన్ని చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో నేరుగా ఎన్‌విడియాకు కలిపేస్తారు. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఎవరో “ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్” పెట్టి ఉంటే ఎన్‌విడియా మొత్తం పడుకుంటుంది, దానితోపాటు హెచ్‌డీఎంఐ కూడా. “ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ” కొడితే ఇప్పుడు ఏముందో చెప్తుంది. ఆన్-డిమాండ్ పెట్టి రీస్టార్ట్ చేయండి, చాలావరకు అక్కడితో అయిపోతుంది. అప్పటికీ రాకపోతే ఎన్‌విడియా పెట్టి చూడండి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ప్లగ్‌లో ఉంచి వాడేవాళ్లకు ఇబ్బంది లేదు.

పాత డ్రైవర్లలో ఇంకో సెట్టింగ్ కూడా కావాలి: గ్రబ్‌లో ఇందాక చెప్పిన వరుసలోనే “ఎన్‌విడియా-డీఆర్ఎం డాట్ మోడ్‌సెట్ ఈక్వల్స్ 1” అని చేర్చి అప్‌డేట్-గ్రబ్ చేయాలి. అది లేకపోతే ఒక కార్డు గీసిన బొమ్మను ఇంకో కార్డు మానిటర్ మీద చూపించడం కుదరదు.

లైనక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే పద్ధతులు రెండు: పాత ఎక్స్11, కొత్త వేలాండ్. ఎక్స్11 సెషన్‌లో “ఎక్స్ఆర్ఏఎన్‌డీఆర్”, ఖాళీ, రెండు హైఫన్లు కలిపి “లిస్ట్‌ప్రొవైడర్స్” అని ఒకే మాటగా కొడితే ఎన్ని కార్డులు సెషన్‌లో ఉన్నాయో కనిపిస్తుంది. రెండు ఉండి, రెండోదాని మానిటర్ రాకపోతే అదే కమాండ్‌తో రెండు హైఫన్లు కలిపి “సెట్‌ప్రొవైడర్‌అవుట్‌పుట్‌సోర్స్” అని, ఖాళీ, 1, ఖాళీ, 0 ఇచ్చి, తర్వాత రెండు హైఫన్ల “ఆటో” ఇవ్వండి. మొదటి అంకె మానిటర్ తగిలించి ఉన్న కార్డు, రెండోది బొమ్మ గీసే కార్డు. ఇది రీస్టార్ట్ అయ్యాక పోతుంది, పనిచేస్తే స్టార్టప్ అప్లికేషన్లలో పెట్టుకోవాలి.

వేలాండ్ సెషన్‌లో మాత్రం ఈ కమాండ్ సెట్టింగులు మార్చలేదు, డెస్క్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగుల్లోనే చేసుకోవాలి. మీది ఏ సెషనో తెలియకపోతే ఉబుంటు సెట్టింగుల్లో సిస్టమ్ వివరాల దగ్గర విండోయింగ్ సిస్టమ్ అని ఉంటుంది. మింట్ సినమన్ డెస్క్‌టాప్ ఇప్పటిదాకా మామూలుగా ఎక్స్11 మీదే నడుస్తుంది. ఒక మానిటర్ 60 హెర్ట్జ్, ఇంకోటి 144 అయితే, లేదా ఒకదానికి 100 శాతం, ఇంకోదానికి 150 శాతం స్కేలింగ్ కావాలంటే వేలాండ్ మంచిది. ఎన్‌విడియాతో వేలాండ్‌లో తెర మినుకుమినుకుమనే జబ్బు 2024లో వచ్చిన 555 డ్రైవర్ నుంచి బాగా తగ్గింది. పాత డ్రైవర్ మీద ఇరుక్కున్నవాళ్లు ఎక్స్11లోనే ఉండండి. లాగిన్ తెరలో పళ్లచక్రం గుర్తు నొక్కితే ఏది కావాలో ఎంచుకోవచ్చు, ఉబుంటు 25.10 నుంచి దాని డెస్క్‌టాప్ గ్నోమ్‌లో ఎక్స్11 తీసేశారు కాబట్టి అందులో ఆ వీలు లేదు.

తెర నల్లబడితే

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. టెక్స్ట్ లాగిన్ వస్తే లైనక్స్ బతికే ఉంది, తెర మాత్రమే పోయింది. అక్కడి నుంచి పైన చెప్పిన కమాండ్లన్నీ కొట్టొచ్చు. అది కూడా రాకపోతే రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూ కోసం ఈఎస్‌సీ గానీ షిఫ్ట్ గానీ నొక్కి, మెనూలో ఇంగ్లిష్ అక్షరం “ఈ” కొట్టి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇలా రాసింది ఆ ఒక్క బూట్‌కే, ఫైల్‌లో ఉండిపోదు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ముందే ఆన్ చేసి పెట్టుకుంటే డ్రైవర్ ఎక్కించకముందు స్థితికి వెనక్కి వెళ్లడం నిమిషాల పని.

డెస్క్‌టాప్ వస్తోంది గానీ మానిటర్లు తారుమారయ్యి, ఎంత సరిచేసినా మళ్లీ అలాగే అవుతుంటే పాత సెట్టింగ్ ఫైల్ చెడిందన్నట్టు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ లోపల గ్నోమ్‌కైతే మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్, సినమన్‌కైతే సినమన్-మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్ ఉంటుంది. దాని పేరు మార్చి లాగౌట్ అయ్యి లాగిన్ అవ్వండి, మళ్లీ కొత్తగా అమర్చుకోండి.

రిజల్యూషన్ మాత్రమే తక్కువగా ఉండి, కేబుల్ మార్చినా లాభం లేకపోతే, ఎక్స్11లో “సీవీటీ 1920 1080 60” కొడితే మోడ్‌లైన్ అని ఒక వరుస ఇస్తుంది. దాన్ని ఎక్స్ఆర్ఏఎన్‌డీఆర్ కమాండ్‌కు న్యూమోడ్‌గా ఇచ్చి, ఆ మానిటర్‌కు యాడ్‌మోడ్ చేయాలి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మీద ఇది చాలాసార్లు కుదరదు, ఇంటెల్, ఏఎండీ, నూవోలతో కుదురుతుంది.

ఇవేవీ కాకుండా కార్డే కనిపించకపోతే

కరెంటు తీసేసి, ఒక నిమిషం ఆగి, కార్డు ఊడదీసి, స్లాట్‌లో దుమ్ము ఊదేసి మళ్లీ బిగించండి. మిర్యాలగూడ వైపు మిల్లుల దగ్గర ఉన్న షాపుల్లో క్యాబినెట్ తెరిస్తే ఊక దుమ్ము పొరలుపొరలుగా ఉంటుంది, అక్కడ ఇది లాంఛనం కాదు, అసలు మందే కావొచ్చు. స్లాట్ నుంచి కార్డుకు అందే కరెంటు 75 వాట్లు మాత్రమే. జీటీ 710కి 19 వాట్లు చాలు కాబట్టి ఏ పాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మీదైనా నడుస్తుంది, 1050 టీఐ ఆ 75 అంచుదాకా పోతుంది, ఎస్ఎంపీఎస్ ముసలిదైతే రెండు మానిటర్లతో బరువైన పని పడినప్పుడు తెర పోయి వస్తుంది. దాన్ని డ్రైవర్ జబ్బు అనుకుని తిప్పలు పడేవాళ్లున్నారు.

కార్డు మార్చాల్సిందే అని తేలితే, లైనక్స్‌కైతే ఏఎండీ వైపు చూడండి. రేడియాన్ ఆర్ఎక్స్ 550 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే 50 వాట్ల కార్డు, విడిగా డ్రైవర్ అక్కర్లేదు, కెర్నల్‌లోనే ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఊళ్లో కంప్యూటర్ షాపులో కొన్నా మింట్ లైవ్ యూఎస్‌బీ ఒకటి జేబులో పెట్టుకుని పొండి. వాళ్ల కంప్యూటర్లోనే కార్డు పెట్టించి, ఆ యూఎస్‌బీతో బూట్ చేసి, రెండు మానిటర్లు తగిలించి, ఎల్ఎస్‌పీసీఐలో డ్రైవర్ వరుస చూసుకున్నాకే డబ్బులివ్వండి.